స్విచ్ 2 తెప్పించాలా, పీఎస్5 కొనాలా, పీఎస్4 తోనే ఉండాలా?

మీరు రాసిన వివరాల మీదే జవాబంతా ఆధారపడి ఉంది కనుక వాటిని ఒకసారి తిరిగి చెప్పుకుని మొదలుపెడతాను. మీ ఇంట్లో 2018లో కొన్న పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4 అనే వీడియో గేమ్ కన్సోల్), పదిహేను దాకా డిస్కులు, 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నాయి. అబ్బాయికి పదమూడేళ్లు, అమ్మాయికి ఎనిమిదేళ్లు. కొత్త కన్సోల్ మీద 50 వేల రూపాయలకు అటూ ఇటూగా పెట్టడానికి మీరు సిద్ధంగా ఉన్నారు. అబ్బాయి పీఎస్5 కావాలంటున్నాడు. సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్న మీ బావమరిది నింటెండో స్విచ్ 2 తెస్తానంటున్నాడు. మీకేమో రెండూ దండగేమోనన్న అనుమానం ఉంది. అబ్బాయి రాసిచ్చిన అయిదు ఆటల చీటీని కూడా మీరు జతపరిచారు. ఆ చీటీయే లేకపోతే నేను ఈ జవాబు రాయడానికి సాహసించేవాణ్ణి కాదు.

సికింద్రాబాదులో ఇరవై ఏళ్లకు పైగా కన్సోళ్లు అమ్ముతూ, బాగుచేస్తూ ఉన్నాను. ఈ యంత్రం మంచిదేనా అని అడిగినవారు వేలల్లో ఉంటారు గానీ, దీని మీద మేము ఏమి ఆడుకుంటామని ఆలోచించి వచ్చినవారు చాలా తక్కువ. గ్రైండరు కొనేటప్పుడు వారానికి ఎన్నిసార్లు పిండి రుబ్బుతామో చూసుకునే మనం, కన్సోల్ దగ్గరకు వచ్చేసరికి చిప్పు బలాన్ని కొలిచే టెరాఫ్లాప్‌లు లెక్కపెడుతూ కూర్చుంటాం. కొత్త కన్సోల్‌ను తూచడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: ఇవాళ అంగట్లో దొరికేవి, మీ ఇంట్లోవారు నిజంగా ఆడేవి, ఇప్పుడున్న యంత్రం మీద ఆడలేనివి అయిన ఆటలు ఎన్ని ఉన్నాయి? ఈ మూడు షరతులూ ఒకేసారి నెగ్గిన ఆటలనే లెక్కలో వేసుకోవాలి.

ఇక చీటీ చూద్దాం. మీ అబ్బాయి రాసినవి జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) 6, స్పైడర్‌మ్యాన్ 2, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, గ్రాన్ టురిస్మో 7, మారియో కార్ట్ వరల్డ్.

వీటిలో రాగ్నరాక్, గ్రాన్ టురిస్మో 7 రెండూ 2022లో వచ్చాయి, రెండూ పీఎస్4 మీద కూడా వచ్చాయి. ఈ సంగతి మీ అబ్బాయికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు, ప్రకటనలన్నీ పీఎస్5 బొమ్మతోనే ఉంటాయి. రెండింటికీ పీఎస్4 డిస్కులు సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతాయి; రేపెప్పుడైనా పీఎస్5 కొంటే అవే డిస్కులను పెట్టి, పది డాలర్ల అదనపు రుసుముతో కొత్త యంత్రపు కూర్పుకు మారిపోవచ్చు. అయితే గ్రాన్ టురిస్మో 7కు ఇంటర్నెట్ లేనిదే పెద్దగా పని జరగదు. రాగ్నరాక్ యూరప్ రేటింగ్ ప్రకారం 18 ఏళ్లు నిండినవారి ఆట. పదమూడేళ్ల పిల్లవాడికి అది తగునో కాదో మీరు ఒక గంట పక్కన కూర్చుని చూసి నిర్ణయించుకోవాలి.

జీటీఏ 6 సంగతి వేరు. 2023 డిసెంబరులో మొదటి ట్రైలర్ విడుదల చేసినప్పుడు 2025లో వస్తుందన్నారు; తర్వాత 2026 మే 26 అన్నారు; ఇప్పటి ప్రకటన ప్రకారం 2026 నవంబరు 19. వచ్చినా పిల్లల ఆట కాదు, దీని ముందరి భాగమే 18 ఏళ్ల రేటింగ్ పొందింది. ఇంకా రాని ఆట కోసం ఇవాళ యంత్రం కొని బల్ల మీద పెట్టుకోవడమంటే, పెళ్లి కుదరకముందే కల్యాణ మండపానికి అద్దె కట్టడమే. ఆ యంత్రం ఏడాది వారంటీలో కొంత ఆట రాకముందే కరిగిపోతుంది. కాబట్టి దీన్ని లెక్కలోంచి తీసేశాను.

మిగిలినవి రెండు. స్పైడర్‌మ్యాన్ 2 కన్సోళ్లలో పీఎస్5 మీద మాత్రమే ఉంది. 2023 అక్టోబరులో వచ్చింది, మంచి ఆట, అమెరికా రేటింగ్ ప్రకారం పదమూడేళ్లకు తగినదే (యూరప్ రేటింగ్ మాత్రం 16 ఏళ్లు), కథ వరకు ఆడితే దాదాపు ఇరవై గంటల్లో పూర్తవుతుంది. మారియో కార్ట్ వరల్డ్ స్విచ్ 2 మీద తప్ప మరెక్కడా లేదు. అంటే అయిదు ఆటల చీటీలో పీఎస్5 ఒక్కటంటే ఒక్క ఆటతో నిలబడుతోంది. ఆ ఆట కోసం యాభై అయిదు వేలు.

చీటీలో లేనిది కూడా చెప్పాలి. కొత్త కన్సోల్ వచ్చిన రోజునే పాతది చచ్చిపోతుందన్న భయం మన దగ్గర చాలామందికి ఉంది, చరిత్ర అలా చెప్పదు. పీఎస్3 2006లో విడుదలైంది. దాని తర్వాత మూడేళ్లకు, 2009లో, మన హైదరాబాదులోనే తయారైన హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట పీఎస్2 కోసం వచ్చింది. మన దేశంలో అప్పటికీ ఇళ్లల్లో ఉన్నది పీఎస్2 కనుక కంపెనీ అటే చూసింది. పీఎస్4కు కూడా కొత్త యంత్రం వచ్చాక రెండేళ్ల పాటు పెద్ద పెద్ద ఆటలే వచ్చాయి. ఇప్పుడు ఆ వరద తగ్గిన మాట నిజమే గానీ, మీరు ఇంకా ఆడని పీఎస్4 ఆటలు మీ అబ్బాయి ఇంటర్ పూర్తయ్యే దాకా సరిపోతాయి.

పీఎస్5 మీ టీవీ మీద ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వదో కొంచెం వివరంగా రాయడం అవసరం, చాలామంది మోసపోయేది ఇక్కడే. పీఎస్5 పాత పెట్టెల మీద 8కే అన్న ముద్ర ఉండేది. 2024లో కొత్త పెట్టెల మీదినుంచి దాన్ని తీసేశారు. 8కే మాట అటుంచి 4కే మాటే చూద్దాం. మీ టీవీ ఫుల్ హెచ్‌డీ కనుక 4కే బొమ్మ అందులో పడదు. కొత్త టీవీ కొంటానంటారా, 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు, ఆ వెడల్పులో 1,920 చుక్కలు పరచి ఉంటాయి, అంటే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. మామూలు చూపున్న మనిషి ఆ చుక్కలను విడివిడిగా పోల్చుకోవాలంటే అయిదున్నర అడుగుల లోపు కూర్చోవాలి. మన హాళ్లల్లో సోఫా సాధారణంగా ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరంలో ఉంటుంది. ఆ దూరం నుంచి ఈ పరిమాణపు తెర మీద 4కేకు, ఫుల్ హెచ్‌డీకి తేడా చెప్పగలిగినవారిని నేను మా దుకాణంలో పందెం కాసి మరీ పరీక్షించాను. ఇప్పటిదాకా టీ డబ్బులు నేనే గెలుస్తున్నాను.

అలాగని పీఎస్5లో పస లేదని కాదు. దాని అసలు బలం రెండు చోట్ల ఉంది, ఆ రెండూ మీ పాత టీవీ మీద కూడా తెలుస్తాయి. మొదటిది ఎస్‌ఎస్‌డీ, అంటే ఆటలను దాచే వేగమైన నిల్వ. మీ పీఎస్4లో ఉన్నది నిమిషానికి 5,400 చుట్లు తిరిగే మామూలు హార్డ్ డిస్క్, సెకనుకు వంద మెగాబైట్లు చదవడమే దానికి గగనం. పీఎస్5 సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుందని సోనీ ప్రకటించింది. పీఎస్4లో ఆట తెరుచుకునే లోపల కాఫీ కలుపుకుని వచ్చే అలవాటు ఉన్నవారికి ఈ తేడా ఎవరూ వర్ణించి చెప్పనక్కర్లేదు. రెండవది, పీఎస్4లో సెకనుకు 30 చిత్రాలతో నడిచిన ఆటల్లో చాలా ఇక్కడ 60తో నడుస్తాయి. ఒక్కో చిత్రానికి మధ్య ఎడం 33 మిల్లీసెకన్ల నుంచి 17కు తగ్గుతుంది, చేతిలో మీట నొక్కినదానికి తెర మీద కదలిక వెంటనే అందుతుంది. ఈ రెండవ లాభంలో సగాన్ని మీరు ఇవాళే పైసా ఖర్చు లేకుండా పొందవచ్చు: టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ వేయండి. చాలా టీవీలు మామూలు మోడ్‌లో బొమ్మకు మెరుగులు దిద్దుతూ వంద మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేస్తాయి. యంత్రం మార్చి 16 మిల్లీసెకన్లు మిగుల్చుకునే బదులు ముందు ఆ వందను తగ్గించుకోవడం తెలివైన పని.

ధర గురించి రాసేటప్పుడు పెట్టె ధర ఒక్కటీ రాస్తే అబద్ధం చెప్పినట్టే. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్క్ నమూనా రూ. 49,990కి వచ్చింది, 2022 నవంబరులో రూ. 54,990 అయింది. పెట్టెలో ఒకే కంట్రోలర్ ఉంటుంది. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారు కనుక రెండవది కొనక తప్పదు, దానికి ఆరు వేల చుట్టుపక్కల. పీఎస్4 కంట్రోలరు ఉంది కదా అనుకోవద్దు, దానితో పీఎస్4 ఆటలు ఆడుకోవచ్చు గానీ పీఎస్5 ఆటలు సాగవు. కొత్త ఆట ఒక్కోటీ అయిదు వేల దగ్గర ఉంటుంది. ఫోర్ట్‌నైట్ వంటి ఉచిత ఆటలు మినహాయిస్తే, స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడడానికి ఏటా సభ్యత్వం కట్టాలి. మొదటి ఏడాదిలోనే 75 వేలు దాటడం నేను మామూలుగా చూస్తున్న లెక్క. డిస్క్ పెట్టే చోటు లేని డిజిటల్ నమూనా పదివేలు తక్కువ అని ఎవరైనా చెబితే వినకండి. డిస్క్ డ్రైవ్ విడిగా కొని తగిలించుకుంటే తప్ప మీ పదిహేను డిస్కులూ ఆ యంత్రానికి పనికిరావు, ఆడేసిన ఆటను అమ్మి సగం డబ్బు రాబట్టుకునే దారీ మూసుకుపోతుంది, ఆ పదివేలు నాలుగైదు ఆటల్లోనే తిరిగి పోతాయి. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ విషయంలోనూ ఇదే అభ్యంతరం, పైగా మీ చీటీలోని సోనీ ఆటలు దాని మీద లేనే లేవు. పీఎస్5 ప్రో గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. 2024 నవంబరులో విడుదలైనప్పుడు, అందులోని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు ఇక్కడ అప్పటికి అనుమతి లేనందున సోనీ దాన్ని మన దేశంలో అమ్మలేదు. అమ్మినా మీ టీవీకి అది దండగ.

ఆగితే ధర తగ్గుతుందా అన్నారు. పాత రోజుల్లో ఇది నూటికి నూరు పాళ్లు సరైన సలహా. పీఎస్3 అమెరికాలో 599 డాలర్ల దాకా పలికి మూడేళ్లకు 299కి దిగింది. ఎక్స్‌బాక్స్ వన్ 499 నుంచి ఏడు నెలలు తిరక్కముందే 399కి వచ్చింది. ఈ తరంలో మాత్రం వ్యవహారం తలకిందులైంది. అమెరికాలో 499 డాలర్లకు మొదలైన పీఎస్5 అయిదేళ్లకు, 2025 ఆగస్టులో, 549 అయింది. మెమరీ చిప్పుల ధరలు ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో పైకి పోతున్నాయి, అవి దిగే దాకా కన్సోళ్లు దిగవు. పండుగ అమ్మకాల్లో కొన్ని వేల తగ్గింపు వచ్చిన సందర్భాలు ఉన్నాయి, దాన్ని మించి ఆశ పెట్టుకోకండి. కనుక నేను ఆగమన్నప్పుడు చవక అవుతుందని కాదు, మీకు పని పడినప్పుడే కొనమని.

ఆగడానికి మరొక కారణం మొదటి విడత యంత్రాలు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో ముందు వైపు ఎర్ర దీపాలు వెలిగి యంత్రం ఆగిపోయే లోపం ఎంత విరివిగా వచ్చిందంటే, 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. యంత్రం గట్టిగానే ఉండి ఆటలు రాకపోవడం మరో రకం నష్టం. నింటెండో వారి వీ (Wii) అనే కన్సోల్ 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది, అదే ఊపులో 2012లో వచ్చిన వీ యూ కోటీ ముప్పై అయిదు లక్షల దగ్గర ఆగిపోయింది. దాని మీది మంచి ఆటల్లో చాలావరకు తర్వాత స్విచ్ మీదికి వచ్చేశాయి, తొందరపడి కొన్నవారికి ముందుగా ఆడుకున్న తృప్తి ఒక్కటే మిగిలింది. పీఎస్5 ఈ రెండు గండాలనూ ఎప్పుడో దాటింది. స్విచ్ 2 రెండవదాన్ని దాటినట్టే, అమ్మకానికి వచ్చిన నాలుగు రోజుల్లో 35 లక్షలు, 2025 సెప్టెంబరు ఆఖరికి కోటి దాటి అమ్ముడుపోయింది. మొదటి గండం గురించి చెప్పడానికి దాని వయసు ఇంకా చాలదు.

ఇప్పుడు మీ బావమరిది మాట. స్విచ్ 2 మీద నాకున్న అభిమానాన్ని ముందే ఒప్పుకుంటాను; మా చిన్నప్పటి క్యాసెట్ల వీడియో గేమ్, అదే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టుకునేది, నింటెండో వారి యంత్రానికే నకలు. అభిమానం పక్కన పెట్టి చూసినా మీ ఇంటికి సంబంధించి దానికొక సౌలభ్యం ఉంది, అది పీఎస్5కు లేదు. పెట్టెలో వచ్చే జత కంట్రోలర్లు విడదీస్తే ఇద్దరికి చెరొకటి అవుతాయి. మారియో కార్ట్ వరల్డ్‌లో తెరను పంచుకుని నలుగురి దాకా ఒకే సోఫా మీద కూర్చుని ఆడవచ్చు. మీ ఉత్తరంలో అబ్బాయి గురించి పది వాక్యాలు, అమ్మాయి గురించి ఒకే ఒక్క వాక్యం ఉన్నాయి: "అన్నయ్య ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తుంది." ఆ వాక్యమే నన్ను ఆలోచింపజేసింది. మీ చీటీలో ఆ అమ్మాయి తేలిగ్గా ఆడగలిగినది మారియో కార్టే.

ఇబ్బందులు కూడా తక్కువేమీ కావు. నింటెండోకు మన దేశంలో అధికారిక అమ్మకం లేదు, కాబట్టి వారంటీ లేదు, సేవా కేంద్రం లేదు. ఏది పాడైనా మాలాంటి వీధి మెకానిక్కుల దగ్గరకే రావాలి, విడిభాగాలు దొరకడం అదృష్టం మీద ఉంటుంది. మొదటి స్విచ్ కంట్రోలర్లలో చెయ్యి పెట్టకుండానే బొమ్మ దానంతటది జరిగిపోయే లోపం ప్రపంచమంతటా తెలిసినదే, 2020లో ఆ సంస్థ అధ్యక్షుడే క్షమాపణ చెప్పారు. కొత్త వాటిలో ఎలా ఉంటుందో కాలమే తేల్చాలి. ఆటల ధర దిగదు: 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ ఎనిమిదేళ్ల తర్వాత కూడా అమెరికాలో అదే 60 డాలర్ల అట్టతో అమ్ముడవుతోంది. నింటెండో ఆన్‌లైన్ దుకాణమైన ఈషాప్ మన దేశానికి లేదు, ఖాతాను అమెరికా పేరున తెరిచి, గిఫ్ట్ కార్డులు మీ బావమరిది కొని పంపితే తప్ప సజావుగా సాగదు. గేమ్ కీ కార్డ్ అనే కొత్త తరహా ఒకటి వచ్చింది: పెట్టెలో కార్డు ఉంటుంది గానీ అందులో ఆట ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆ తర్వాత ఆడేటప్పుడు కూడా కార్డు పెట్టి ఉంచాలి. లోపలి నిల్వ 256 జీబీ మాత్రమే. పెంచుకోవాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే రకం కార్డే కావాలి, ఫోన్లో వాడే మామూలు కార్డు మీద ఆటలు నడవవు.

ఇవన్నీ తూచి నా అభిప్రాయం చెబుతున్నాను. పీఎస్5 ఇప్పుడు వద్దు. మీ చీటీలో అది గెలుచుకున్నది ఇరవై గంటల ఆట ఒక్కటి. మీ అబ్బాయి ఏడాది తర్వాత మళ్లీ ఇలాంటి చీటీ రాసినప్పుడు, అందులో పీఎస్4 మీద లేనివి, అప్పటికే విడుదలైనవి కనీసం మూడు ఉంటే డిస్క్ నమూనా కొనండి, పాత డిస్కులు దాదాపు అన్నీ అందులో పని చేస్తాయి కనుక ఇప్పటి మీ సొమ్మేదీ వృథా కాదు. స్విచ్ 2 మాత్రం తెప్పించుకోవచ్చు, అయితే పాడైతే ఆ నష్టం నాదే అనుకునే ధైర్యం ఉంటేనే. ఆ ధైర్యం లేకపోతే నిస్సంకోచంగా వద్దనండి; సంకోచపడి తెప్పించుకుని, ఎనిమిది నెలలకు తెర నల్లబడ్డాక బావమరిదితో మాటలు తగ్గించుకున్న ఇళ్లు నాకు తెలుసు.

తెప్పించుకునే పక్షంలో ఆయనకు ఈ సంగతులు ముందే చెప్పండి. 2025లో విడుదలైనప్పుడు యంత్రం ఒక్కటే 449.99 డాలర్లు, మారియో కార్ట్ వరల్డ్‌తో కలిపిన పెట్టె 499.99, విడివిడిగా కొంటే 530 అయ్యేది. ఆ ధరలకు ఆటతో సహా, టెక్సాస్ అమ్మకపు పన్ను కలిపితే మన డబ్బుల్లో 48 నుంచి 51 వేల దాకా అవుతుంది. దారిలో టోక్యోలో విమానం మారతాను, అక్కడ చవక అంటే ఒప్పుకోకండి, జపానులో 2025లో 49,980 యెన్లకు విడుదల చేసిన చవక నమూనా జపనీస్ భాషలో తప్ప పని చేయదు, దానికి జపాన్ ఖాతా ఉండాలి. డాలస్‌లోనే పెట్టె విప్పి, వారం రోజులు ఆయన పిల్లలతో ఆడించి, రెండు కంట్రోలర్లూ, యంత్రాన్ని టీవీకి కలిపే డాక్ ద్వారా టీవీ బొమ్మా సరిగా ఉన్నాయని చూసుకుని తెమ్మనండి. లోపం ఉంటే అక్కడే మార్చుకోవచ్చు, ఇక్కడికి వచ్చాక ఆ వీలు ఉండదు. బిల్లు వెంట ఉంచుకుని, కస్టమ్స్ మినహాయింపు పరిమితి అప్పటికి ఎంత ఉందో బయలుదేరే ముందు చూసుకోవాలి. చార్జర్ 100 నుంచి 240 వోల్టులది కనుక పిన్ను మార్చుకుంటే చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ఒకప్పుడు అమెరికా నుంచి వచ్చిన 110 వోల్టుల కన్సోళ్లను మన గోడకు నేరుగా తగిలించి పొగ రప్పించినవారు నెలకొకరైనా మా దగ్గరకు వచ్చేవారు, ఆ బెడద ఇప్పుడు లేదు.

ఇక అబ్బాయికి ఏమీ లేదా అంటే, ఉంది. పీఎస్4లో హార్డ్ డిస్క్ తీసి రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవచ్చు, వెనక చిన్న మూత తీసి కొన్ని స్క్రూలు విప్పి చేసే పని, కంపెనీయే అందుకు వీలు కల్పించింది. పీఎస్5 వేగం రాదు గానీ ఎదురుచూపులు బాగా తగ్గుతాయి. ఏడేళ్ల యంత్రం కనుక ఆ పనిలోనే ఫ్యాను దుమ్ము దులిపించి, చిప్ మీద ఎండిపోయిన, వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పించండి, టీవీ షోకేస్ అద్దాల వెనక కాకుండా గాలి ఆడే చోట పెట్టండి. రాగ్నరాక్ మీకు సమ్మతమైతే అది, కాకపోతే గ్రాన్ టురిస్మో 7 డిస్క్ కొనివ్వండి. డ్రైవ్ మార్చే ముందు మాత్రం పిల్లవాడి సేవ్ ఫైళ్లు ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడో లేదో అతన్నే అడగండి. అడగకుండా తీసేసి ఒకసారి మా ఇంట్లోనే నాలుగు రోజులు తిట్లు తిన్నాను.